పదకొండు చోట్ల ముడి

విజయవాడ గవర్నర్‌పేటలో జాన్ పాల్ గారి డీటీపీ షాపులో పనిచేసే వినీలకు ఒక దురలవాటు ఉంది. కంటపడిన ప్రతి అక్షరాన్నీ దిద్దకుండా ఉండలేదు. శుభలేఖ అచ్చుకొస్తే వరుడి తాతగారి పేరులో ఒత్తు సరిచేస్తుంది. టిఫిన్ సెంటర్‌కి వెళ్తే, ముందున్న ఇడ్లీ చల్లారిపోతున్నా సరే, గోడ మీది బోర్డులో తప్పులు వెతుకుతుంది. ఆదివారం గుడిలో పంచిన కరపత్రం మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి, దాన్ని తీసుకెళ్ళి ఫాదర్‌గారి చేతికే ఇచ్చిన ఘనత ఆమెది. ఫాదర్‌గారు పెద్దమనిషి కాబట్టి నవ్వి థాంక్స్ చెప్పారు. ఆ మరుసటి వారం నుంచి కరపత్రాలు పంచేవాళ్ళు ఆమె కూర్చునే బెంచీని దాటేసి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ దురలవాటే ఆమెకు అన్నం పెడుతోంది. పన్నెండేళ్ళ కిందట ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం పోయి కాళ్ళరిగేలా తిరుగుతున్నప్పుడు జాన్ పాల్ గారు పిలిచి కుర్చీ వేశారు. అప్పటినుంచి ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చాల్సిన కాగితం ఏదొచ్చినా ఆమె బల్ల మీదికే వస్తుంది. మిక్సీ ఎలా వాడాలో, పురుగుమందు ఎలా చల్లాలో, ఇన్సూరెన్సు ఎప్పుడు రాదో, అన్నీ ఆమె తెలుగులోనే జిల్లా జనం చదివారు. చదివారో లేదో గానీ, చదివితే మాత్రం ఆమె తెలుగే. "మా వినీల చేతిలోంచి తప్పు పోదండీ" అని జాన్ పాల్ గారు వచ్చినవాళ్ళందరితోనూ అంటుంటారు. వినీల వినపడనట్టు కీబోర్డు వంక చూసుకుంటుంది. కానీ ఆ మాట వినపడిన రోజు ఆమెకు టీలో చక్కెర సరిగ్గా సరిపోతుంది.

ఆ ఏడాది కృష్ణానదిలో బోట్లు తిప్పే కంపెనీ ఒకటి అరవై పేజీల ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చింది. బోటు మీద పనిచేసే ప్రతివాడికీ ఇకమీదట రాతపరీక్ష అట. పుస్తకం చదివి, తెలుగులో పరీక్ష రాసి, ప్యాసైనవాళ్ళే బోటెక్కాలట. వినీల తొమ్మిది రోజుల్లో పుస్తకమూ ప్రశ్నపత్రమూ జవాబుల కాగితమూ మూడూ తెలుగు చేసి ఇచ్చేసింది. కంపెనీవాళ్ళు సంతోషించారు. ఇంకో మూడు పుస్తకాల పని కూడా మీకే ఇస్తాం, ఫలానా మంగళవారం వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టుకుందాం అన్నారు. ఈ రోజుల్లో ఎవడి ఫోనులో వాడికి తెలుగు చేసిపెట్టే యంత్రం ఉండగా, మనిషిని వెతుక్కుంటూ మూడు పుస్తకాల పని రావడమంటే మాటలు కాదు. జాన్ పాల్ గారు ఆ రోజు షాపులో అందరికీ బందరు లడ్డూలు పంచారు.

సంతకాల మంగళవారానికి మూడు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, ఒక పెద్దాయన భుజాన తాడు చుట్ట వేసుకుని షాపు మెట్లెక్కాడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. మనిషి సన్నం, చేతులు మాత్రం మనిషికి మించిన లావు. చేతిలో పుస్తకం మడతపెట్టి ఉంది. అది తన పుస్తకమేనని వినీల అట్ట చూడగానే పోల్చుకుంది.

"ఈ పుస్తకం రాసిందెవరండీ? వెనక ఈ షాపు అడ్రసే ఉంది" అన్నాడాయన.

"రాయడం కాదండీ, తెలుగు చేయడం. నేనే చేశాను. ఏం, ఎక్కడన్నా అర్థం కాలేదా?" అంది వినీల.

"అర్థం కాకపోతే బాగుండేదమ్మా. అర్థమైంది కాబట్టే వచ్చా."

ఆయన పేరు సూరయ్య. బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆయనది. అక్కడ చేపల వేట మీద బతుకు సాగక, పదిహేడేళ్ళ కిందట భార్య గంగారత్నాన్ని వెంటబెట్టుకుని విజయవాడ వచ్చి, నది మీద బోట్లలో తాళ్ళ పనికి కుదిరాడు. కట్టడం, విప్పడం, తెగితే బాగుచేయడం. ఆ పుస్తకం రాకముందు ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు.

సూరయ్య ముప్పై ఒకటో పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు. వినీల తన వాక్యాన్ని తనే చదువుకుంది. "తెగిన తాడు కొసలను గట్టిగా ముడివేసి కలపవలెను." ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"తాళ్ళ భాగంలో పది ప్రశ్నలమ్మా. ఎనిమిదన్నా రావాలంట. అందులో మూడు, తెగిన తాడు ఎట్టా కలపాలని. ముడి వెయ్యకూడదని నేను మూడింటికీ రాశా. మూడూ కొట్టేశారు. ఏడొచ్చినయ్యి. నెల్లాళ్ళయింది బోటెక్కి. సోమవారం పొద్దున పదింటికి మళ్ళీ పెడతారంట. అదీ పోతే ఇంక రావొద్దన్నారు."

"మరి పుస్తకంలో ఉన్నట్టు రాసెయ్యొచ్చు కదండీ?"

"మా ఇంటావిడా అదే అంటంది. రాయడానికేమమ్మా, చెయ్యి ఏం చెప్తే అది రాస్తది. రేపు ఎవడో అది చదివి ముడేసిన తాడుతో బోటు కడతాడు. అందులో నలభై మంది ఎక్కుతారు. అప్పుడో?"

వినీలకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళలో ఆమె పనిని తప్పన్నవాడు లేడు. సొరుగులోంచి నిఘంటువు తీసి బల్ల మీద పెట్టింది.

"చూడండి. ఇంగ్లీషులో స్ప్లైస్ అని ఉంది. స్ప్లైస్ అంటే తాడు కొసల్ని కలపడం. తాడుని కలపడమంటే ముడెయ్యడం కాక మరింకేంటండీ?"

సూరయ్య నిఘంటువు వంక చూడలేదు. భుజాన ఉన్న చుట్టలోంచి బారెడు తాడు తీసి కత్తితో రెండు ముక్కలు చేశాడు. ఇంకో బారెడు తీసి అదీ రెండు ముక్కలు చేశాడు. ఒక జత ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు ముడెయ్యి తల్లీ. నువ్వు రాసినట్టే, గట్టిగా."

వినీల పళ్ళు బిగబట్టి మరీ గట్టిగా వేసింది. ఇంతలో సూరయ్య కింద కూర్చుని తన జత చేతిలోకి తీసుకున్నాడు. అది మూడు పేటలు కలిపి పేనిన తాడు. ఆయన ఒక కొసన పురి వదులు చేసి మూడు పేటల్నీ జానెడు పొడవున విడదీశాడు. రెండో ముక్కనూ అలాగే విడదీశాడు. చూస్తుండగానే బాగున్న తాళ్ళు రెండూ పీచుపీచయి కూర్చున్నాయి.

"అయ్యో, మంచి తాడుని పాడు చేస్తున్నారేంటండీ?" అంది వినీల.

"ముందు విప్పాలమ్మా. రెండు వైపులా విప్పాలి. విప్పకుండా కలిపితే అది పక్కపక్కన నిలబెట్టటం, కలపటం కాదు."

జేబులోంచి మొన తేలిన కర్రముక్క తీసి, దాంతో ఒక తాడు పేటల మధ్య సందు చేశాడు. అవతలి తాడు పేటను ఆ సందులోంచి లాగాడు. ఒకటి వదిలి ఒకటి, ఇటుది అటు, అటుది ఇటు. జెరాక్సుకు వచ్చినవాళ్ళు తమ పని మర్చిపోయి చుట్టూ నిలబడ్డారు. పావుగంట తర్వాత ఆయన ఆ చోటును చెప్పు కింద పెట్టి అటూ ఇటూ దొర్లించి ఆమె చేతికిచ్చాడు. అతికిన చోట కాస్త బొద్దుగా ఉంది, అంతే. ఎక్కడ ఒక తాడు అయిపోయి రెండో తాడు మొదలైందో వేలితో వెతికినా దొరకలేదు.

షాపు షట్టరుకు తాళం వేసే ఇనప రింగు ఒకటి ఉంది. సూరయ్య తన తాడును అందులోంచి లాగాడు. ఇటు నుంచి అటు జారిపోయింది. వినీల కట్టిన తాడు ముడి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఎంత లాగినా కదలలేదు.

"లంగరు తాడు కప్పీ మీదగా పోవాలమ్మా. ముడుంటే ఇదిగో, ఇట్టా ఇరుక్కుంటది. పైగా ముడేసిన చోట తాడు సగానికి సగం బలం పోద్ది. తెగేటప్పుడు అక్కడే తెగుద్ది. మా నాయన దీన్ని అల్లిక అనేవోడు. మీ ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలవదు."

ఇంగ్లీషులో ఏమంటారో వినీలకు తెలుసు. అది తెలిసీ ఏమిటో తెలియకపోవడమే ఆమె చేసిన తప్పు. సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. నిఘంటువు మీద, కంపెనీ మీద, అరవై పేజీలకు తొమ్మిది రోజులే ఇచ్చినవాళ్ళ మీద, ఈ తాడు చుట్ట మోసుకొచ్చిన మనిషి మీద కూడా. తర్వాత కంప్యూటరులో పుస్తకం తెరిచి ఆ మాట కోసం వెతికింది. పదకొండు చోట్ల ముడి అని ఉంది. పదకొండు చోట్లా తనే రాసింది.

"సోమవారం లోపల కంపెనీవాళ్ళతో మాట్లాడి సరిచేయిస్తానండీ" అంది.

"ఆ మాట చాలు తల్లీ" అని సూరయ్య ఆమె ఫోనులో తన నంబరు ఎక్కించుకోమని చెప్పి, తాడు చుట్ట భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

జాన్ పాల్ గారు భోజనం చేసి వచ్చేసరికి వినీల ఉత్తరం మొదలుపెట్టింది. ఆయన తెర మీద రెండు వాక్యాలు చదివి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మంగళవారం దాకా ఆగు వినీలా. సంతకాలైపోనీ. తర్వాత చిన్న సవరణ అని పంపిద్దాం."

"పరీక్ష సోమవారం అన్నయ్యా."

"ఒక్కడి కోసమా?"

"ఒక్కడైతే మాత్రం? ఆయన నిజం రాసి ఫెయిలయ్యాడు."

"నేను కాదంటున్నానా? కానీ తప్పు మనదని ఇవాళ రాసిచ్చి, మంగళవారం మూడు పుస్తకాలు మాకే ఇవ్వండని ఏ మొహంతో అడుగుతాం? నీకు తెలుసు కదమ్మా షాపు పరిస్థితి. ఈ పని పోతే వచ్చే నెల నుంచి రావద్దని నీకు చెప్పాల్సొస్తది. ఇంకెవరూ చెప్పరు, నేనే చెప్పాలి. అది నా చేత చెప్పించకు."

జాన్ పాల్ గారు చెడ్డమనిషేం కాదు. లెక్కాడొక్కా చూసుకునే ప్రతి మంచిమనిషీ ఆ మాటే అనేవాడు. నిజం చెప్పాలంటే ఆయన అలా అనగానే వినీల గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఒప్పుకోవడం తప్పింది, ఆ తప్పించుకోవడం కూడా తన నెత్తిన లేదు. ఉత్తరాన్ని సేవ్ చేయకుండానే మూసేసింది.

ఆదివారం పూజ నుంచి వచ్చాక వినీల తల్లి తెరేసమ్మ వంటింట్లో చింతచిగురు బాగుచేస్తూ కూర్చుంది. వినీల అలమార పైనుంచి పెద్ద నిఘంటువు దించింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఎప్పుడో కొన్నది, ఇటుకరాయంత బరువు. షాపులో ఉన్న చిన్నదానిలో మాటకు అర్థమే ఉంటుంది. ఇందులో అర్థం తర్వాత చిన్న అక్షరాల్లో ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరింట పెరిగిందో కూడా ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆ చిన్న అక్షరాలను తమలపాకు తొడిమలా గిల్లి పారేసింది. అర్థం దొరికాక పుట్టుకతో పనేముంది?

ఇప్పుడు చదివింది. స్ప్లైస్ అన్నది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట డచ్చి నావికుల దగ్గర నుంచి తెచ్చుకున్నారట. ఆ డచ్చి మాట, చీల్చడం, విడదీయడం అని అర్థమొచ్చే మాటకు చుట్టం కావచ్చునట. కచ్చితంగా అని నిఘంటువు కూడా అనలేదు, కావచ్చు అనే అంది. కానీ వినీలకు ఆ కావచ్చు చాలు. నిన్న షాపులో పెద్దాయన కింద కూర్చుని రెండు తాళ్ళనూ పేటలు పేటలుగా విడదీయడం ఆమె కళ్ళారా చూసింది. మళ్ళీ కలపడానికి పెట్టిన పేరును ఆ నావికులు విడదీయడంలోంచి ఎత్తుకొచ్చారంటే, వాళ్ళకూ పని తెలుసన్నమాట. ఆ చిన్న అక్షరాలు ఒక్కసారి చదివి ఉంటే, కలపడానికీ చీల్చడానికీ సంబంధమేమిటని ఆగి ఎవరినైనా అడిగి ఉండేది. చదవలేదు, ఆగలేదు. తొమ్మిది రోజుల్లో అయిపోయిందని గొప్పగా చెప్పుకుంది.

సూరయ్యకు ఫోను చేసింది. మంగళవారం తర్వాత చూద్దామని చెప్పడానికే చేసింది. నోరు తెరిస్తే ఆ మాట రాక, నిఘంటువులో చదివింది చెప్పుకొచ్చింది.

"డచ్చోళ్ళంటే?" అన్నాడు సూరయ్య.

"వలందావాళ్ళండీ. వెనకటికి బందరులో ఉండేవాళ్ళు."

"ఓహో! మా బందరు వలందపాలెం పేరు వాళ్ళ మీద వచ్చిందే అంటారు. మా నాయనమ్మ అక్కడే చేపలమ్మేది. అయితే ఈ మాట వాళ్ళదా? పనైతే వాళ్ళది కాదమ్మా. మాకు నేర్పింది మా నాయన, ఆయనకి వాళ్ళ నాయన. వలందావాళ్ళే మా రేవులో చూసి నేర్చుకుపోయారేమో, ఎవరు చూడొచ్చారు!" అని గట్టిగా నవ్వాడు. నవ్వి, "మరి రేపటి సంగతి చెప్పావా తల్లీ?" అని అడిగాడు.

"చూస్తున్నానండీ" అంది వినీల.

అవతల ఎక్కడో గంగారత్నం గొంతు, రాసెయ్ రాసెయ్ అని చెబుతున్నట్టే ఉంది.

"సరేనమ్మా" అన్నాడు సూరయ్య. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని వినీలకు అనిపించింది.

తెరేసమ్మ అంతా వింటూనే ఉంది. చింతచిగురులోంచి తల ఎత్తకుండానే అంది. "వచ్చే శనివారం ఫాదర్‌గారి దగ్గర తప్పు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటావనుకుంటా."

"చేసుకుంటానులే అమ్మా."

"చేసుకో. దేవుడు క్షమిస్తాడు. ఆయన పని అది. మరి ఆ బోటాయనకి ఉద్యోగం ఎవరిస్తారే? అది ఫాదర్‌గారి చేతిలో లేదుగా."

"నా ఉద్యోగం పోద్దమ్మా."

ఇద్దరి తిండీ ఆ ఉద్యోగం మీదే అని తెరేసమ్మకు తెలియక కాదు. "పోతే పోద్ది. నీ ఇష్టం" అని మాత్రం అంది. ఆ గొంతులో భయం ఉంది, అయినా అంది.

సోమవారం పొద్దున వినీల షాపు లెటర్‌హెడ్ జోలికి పోలేదు. తెల్లకాగితం మీద తన పేరుతోనే ఉత్తరం రాసుకుంది. ముప్పై ఒకటో పేజీలోనూ మరో పది చోట్లా ఉన్నది తప్పు, జవాబుల కాగితంలో మూడు జవాబులు తప్పు, తెలుగు చేసినది నేను, షాపువారికి సంబంధం లేదు. కింద సంతకం పెట్టి ఆటో ఎక్కింది. దారిలో జాన్ పాల్ గారికి మెసేజీ పెట్టింది. ఫోను మోగుతుందని తెలుసు కాబట్టి శబ్దం తీసేసింది.

కంపెనీ ఆఫీసు నది ఒడ్డునే. పదికి ఇరవై నిమిషాలు తక్కువకు ఆమె గేటు దాటింది. లోపలికి అడుగుపెట్టకముందే ఏదో కోరస్ వినిపించింది, ఒకటో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నట్టు. వరండాలోకి వచ్చి చూస్తే పిల్లలు కారు. ఏడుగురు పెద్దవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చున్నారు. తలలు నెరిసినవాళ్ళు, చేతులు కాయలు కాచినవాళ్ళు. అందరి ఒళ్ళోనూ ఆమె పుస్తకం ముప్పై ఒకటో పేజీ దగ్గర తెరిచి ఉంది. ముందుకూ వెనక్కూ ఊగుతూ బట్టీ పడుతున్నారు.

"తెగిన తాడు కొసలను గట్టిగా ముడివేసి కలపవలెను. తెగిన తాడు కొసలను గట్టిగా ముడివేసి కలపవలెను."

ఆ చివర గోడకానుకుని కూర్చున్నవాడు సూరయ్య. పుస్తకం తెరిచే ఉంది. పెదవులు ఆడుతున్నాయి.

వినీల ఆయన్నొక్కడినే బయటపడేయడానికి వచ్చింది. ఈ మిగతా ఆరుగురూ ఎవరు? అక్కడే నిలబడి లెక్క చూసుకుంది. ఆ మూడు ప్రశ్నలకూ ఉన్నది ఉన్నట్టు రాసినవాడికి ఏడు కంటే ఎక్కువ రావు. ఎనిమిది వస్తేనే ప్యాసు. అంటే తాడు పని తెలిసినవాళ్ళంతా ఫెయిలయ్యారు. తెలియనివాళ్ళూ, తెలిసినా పుస్తకానికి భయపడ్డవాళ్ళూ ప్యాసయ్యారు. చాటతో చెరిగితే గింజలు బయటికి పోయి పొట్టు మిగిలినట్టయింది, ఆ చాట పట్టుకున్నది తనే.

సూరయ్య తల ఎత్తి ఆమెను చూశాడు. తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా పుస్తకం మూసేశాడు.

"నువ్వు రావనుకున్నా తల్లీ" అన్నాడు.

పరీక్ష చూసే ఆఫీసరు హర్షవర్ధన్ అప్పుడే ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని గదిలోంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. వినీల ఉత్తరం చదివి, ఇంగ్లీషు పుస్తకం తెప్పించి ఆ పేజీ తీశాడు.

"మేడమ్, ఒరిజినల్లో కరెక్టుగానే ఉందండీ. తెలుగు మీరు చేశారు కదా అని నేను చదవలేదు. మీ పనిలో తప్పులుండవని జాన్ పాల్ గారు చెప్పారు."

"ఉందండీ. ఇది తప్పే."

"అయితే ఈ ఏడుగురూ..."

"వీళ్ళు రాసిందే రైటు. మిగతావాళ్ళు ఎంతమంది ప్యాసయ్యారండీ?"

"ఇరవై తొమ్మిది మంది" అన్నాడు హర్షవర్ధన్. అని, రేవు వైపు చూశాడు. నెల రోజులుగా బోట్ల మీద ఉన్నది ఆ ఇరవై తొమ్మిది మందే. "ఈ సంగతి వీళ్ళకి మీరే చెప్పండి మేడమ్" అన్నాడు నెమ్మదిగా.

వినీల వరండా మధ్యకు వెళ్ళి నిలబడింది. ఒకప్పుడు టీచరే, నిలబడి మాట్లాడటం కొత్త కాదు.

"అది చదవకండి. ఆ పుస్తకంలో తప్పుంది. తాడుకి ముడెయ్యకూడదు. మీరు మొదటిసారి రాసిందే నిజం. తప్పు రాసింది నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన లేచి, "నెల్లాళ్ళు ఇంట్లో కూకోబెట్టావు కదమ్మా మమ్మల్ని! నా మనవడి చేత పాఠం చెప్పించుకున్నా, ఈ వయసులో" అన్నాడు. వినీల ఆయన వైపు తిరిగింది. "తప్పేనండీ" అంది. ఆ మాట జీవితంలో మొదటిసారి అంటున్నట్టు నాలుకకు కొత్తగా తగిలింది.

హర్షవర్ధన్ ప్రశ్నపత్రాల కట్టను పక్కన పెట్టేశాడు. "ఇవాళ పరీక్ష లేదు. మీ ఏడుగురూ ప్యాసే, పాత పేపరు మీదే. ముందు రేవులో ఉన్న బోట్లన్నీ చూడండి. ఏ తాడైనా తెగి కలిపి ఉంటే నాకు చెప్పండి. అవి చూసేదాకా ఒక్క బోటూ కదలదు" అన్నాడు.

ఏడుగురూ పుస్తకాలు బెంచీల మీద వదిలేసి మెట్లు దిగారు.

వినీల మెట్ల మీద కూర్చుని ఫోను చూసింది. జాన్ పాల్ గారివి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. ఆమే చేసింది.

"కంపెనీ పెద్దాయన ఇప్పుడే చేశాడు" అన్నారు జాన్ పాల్ గారు. తిడతారనుకుంది, తిట్టలేదు. "మంగళవారం రానక్కర్లేదన్నాడు. షాపుకి సంబంధం లేదని రాశావంటగా. ఎందుకు రాశావమ్మా అట్లా? సంబంధం లేకుండా ఎట్లా ఉంటది, పన్నెండేళ్ళు..." ఆపేశారు. "ఈ నెలాఖరు దాకా రా. తర్వాత సంగతి... నేను చెప్పలేను. నువ్వే అర్థం చేసుకో."

"అర్థమైంది అన్నయ్యా" అంది వినీల. ఏడుపొచ్చింది. నది వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

నది మధ్యలో ఉన్న ద్వీపానికి వెళ్ళాల్సిన జనం టికెట్లు పట్టుకుని గేటు దగ్గర గోల చేస్తున్నారు. ఏడుగురూ బోటు బోటుకూ దిగి, ప్రతి తాడునూ చేత్తో తడుముతూ వెళ్ళారు. గంట తర్వాత సూరయ్య పైకి వచ్చాడు. భుజాన రెండు లంగరు తాళ్ళు, చేతిలో ఇంకో రెండు. వాటిని ఆమె ముందు మెట్టు మీద పడేశాడు. నాలుగింటికీ మధ్యలో ముడి ఉంది. ఒకదాన్లో ముడి పక్కన పేట ఒకటి అప్పటికే తెగి, రెండు పేటల మీద వేలాడుతోంది.

"నలభై మంది బోటుదమ్మా అది" అన్నాడు సూరయ్య. "బాగా గట్టిగానే వేశారు, పుస్తకంలో చెప్పినట్టే."

ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు. పనివాడు పని చూసి అన్న మాట, అంతే. వినీలకు మాత్రం ఉద్యోగం పోయిందన్న దిగులు ఆ క్షణాన ఎటుపోయిందో తెలియలేదు. తాను పదకొండు చోట్ల రాసింది కాగితం మీదే ఉందనుకుంది. అందులో నాలుగు ఇక్కడ తడిసి, బిగుసుకుని, చేతికి తగులుతున్నాయి. ఆ తెగిన పేట ఉన్న తాడును ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పబోయింది. గోళ్ళు పెట్టి లాగింది, పళ్ళతో పట్టబోయింది. గోరు విరిగి నెత్తురొచ్చింది కానీ ముడి ఒక్క చుట్టు కూడా వదులు కాలేదు.

"అది రాదులే తల్లీ. తడిసి బిగిసింది" అని సూరయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ముడికి అటూ ఇటూ కత్తితో కోసి, నలిగిపోయిన ముక్కను పక్కన పెట్టాడు. ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తను తీసుకుని, పేటలు విప్పడం మొదలుపెట్టాడు.